పిల్లలెక్కే బోటు సీటు: కుట్టులోకి దిగకముందే

పోయిన వేసవిలో ఒకాయన ఆరు బోటు సీట్లు ఆటోలో వేసుకుని మా కొట్టుకి తెచ్చాడు. "పైకి బాగానే ఉన్నాయి వదినా, వాసనే పోవట్లేదు" అన్నాడు. నిజమే, రెక్సిన్ తుడిచి తుడిచి మెరుస్తోంది. అడుగున పిన్నులు ఊడదీసి కవరు తిరగేశాను. కుట్టు పొడుగునా నల్లటి బూజు. స్పాంజి పిండితే టీ రంగు నీళ్ళు. మూలలో నాలుగు మరమరాలు, ఒక వేరుశెనగ గింజ, ఏ పాప పట్టీ నుంచి ఊడిందో ఒక మువ్వ.

మాది విజయనగరంలో కుషన్ పని. మా ఆయన మెషీన్ మీద కూర్చుంటారు, కొలతలు తీయడం, స్పాంజి కోయడం నా వంతు. ఆటోలు, కార్లు ఎక్కువ. బోటు సీట్లు ఏడాదికి నాలుగైదుసార్లు వస్తాయి. వచ్చిన ప్రతిసారీ చెప్పే మాటే ఇక్కడా చెబుతున్నాను: రెక్సిన్ మీద పడ్డది పోతుంది, కుట్టులోకి దిగింది పోదు.

రెక్సిన్ అంటే గుడ్డ మీద పీవీసీ పూత. నీళ్ళు దాన్ని దాటి పోలేవు. కానీ కుట్టు పడిన చోటల్లా సూది కన్నమే. పిల్లాడు పాలు ఒలకబోస్తాడు, తల్లి కంగారుపడి మగ్గుతో నీళ్ళు కొడుతుంది. గుడ్డతో ఎత్తేస్తే పోయే పాలు ఆ నీళ్ళతో కలిసి కన్నాల్లోంచి స్పాంజిలోకి దిగుతాయి. సీటు పాడైంది పిల్లాడి వల్ల కాదు, ఆ మగ్గు వల్ల. అందుకే ఏం పడినా మొదటి పని నీళ్ళు పోయడం కాదు, పొడి నూలు గుడ్డతో అద్దడం. అదీ అంచు నుంచి మధ్యకి, కుట్టు వైపు తోయకుండా. తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి.

ఇక పిల్లలు ఎక్కకముందు చేయాల్సినవి. చాలామంది సీటు మొత్తానికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఏడాదంతా అలాగే ఉంచేస్తారు. అది వద్దు. దాని కింద చెమ్మ ఆరే దారి లేక బూజు ఇంకా తొందరగా పడుతుంది. మందుల షాపులో పసిపిల్లల పక్క మీద వేసే రబ్బరు షీటు దొరుకుతుంది కదా, అది తెచ్చుకోండి. పిల్లలు కూర్చునే చోట అది పరిచి, పైన మందపాటి నూలు తువ్వాలు వేయండి. తువ్వాలు పీల్చుకుంటుంది, రబ్బరు ఆపుతుంది. షీటు జారకుండా నాలుగు మూలలా వెడల్పు ఎలాస్టిక్ కుట్టించి సీటు కిందకి తొడగండి. పిన్నీసు మాత్రం గుచ్చొద్దు, ఒక్కో పిన్నీసు రెండు కొత్త కన్నాలు. ఒడ్డుకి రాగానే రెండూ తీసి ఆరేయండి.

పేపరు పరిస్తే సరిపోతుందని అనుకునేవాళ్ళకి ఒక మాట. తెల్ల రెక్సిన్ మీద ఎండలో పేపరు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టిన సీటు ఒకటి నా దగ్గరికొచ్చింది. బంగారం కొట్టు ప్రకటన మొత్తం తిరగబడిన అక్షరాలతో సీటు మీదికి దిగిపోయింది. వేడెక్కిన రెక్సిన్ సిరాని లాగేసుకుంటుంది. ఎంత రుద్దినా ఆ నెక్లెస్ బొమ్మ పోలేదు.

బోటు ఎక్కే చోట కాళ్ళు కడుక్కోవడానికి ఒక బకెట్టు, మగ్గు పెట్టండి. ఇసక కాళ్ళతో సీటెక్కి నిలబడితే రెక్సిన్ మీద గరుక్కాగితం రుద్దినట్టే. ఎలాగూ బోటులో పిల్లలు సీటెక్కి నిలబడకూడదు, లైఫ్ జాకెట్ విప్పకూడదు. సీటు కన్నా పిల్లలు ముఖ్యం, అది వేరే చెప్పక్కర్లేదు. ఇసక పడితే ముందు మెత్తని బ్రష్‌తో పొడిగా దులపండి, తడిగుడ్డ ఆ తర్వాతే.

తిండి దగ్గర మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. జంతికలు, చేగోడీలు, చట్నీ లేని ఇడ్లీ తెచ్చుకోండి, ఇబ్బంది లేదు. రంగు ఐసు, చాక్లెట్టు ఒడ్డునే తినిపించి మూతులు కడిగి ఎక్కించండి. జీడిపండు అయితే బోటు దరిదాపులకి కూడా రానివ్వను. జీడితోటలుండే పలాస, ఉద్దానం వైపు వాళ్ళకి ఇది చెప్పాలా? వేసవిలో చొక్కా మీద పడ్డ జీడిపండు రసం మరక ఆ చొక్కా చిరిగేదాకా ఉంటుంది. లేత రంగు రెక్సిన్‌కి, దారానికి కూడా అంతే. కొబ్బరిబొండం నీళ్ళు పడ్డప్పుడు కనిపించవు, తర్వాత గోధుమరంగు మరక తేలుతుంది. కాబట్టి నీళ్ళలాగే ఉన్నాయి కదా అని వదిలేయకండి.

పులిహోర కథ వేరు. మా దగ్గరి తాటిపూడి రిజర్వాయరుకి పిక్నిక్ అంటే పులిహోర డబ్బా లేకుండా ఎవరొస్తారు! ఒకసారి మా వీధివాళ్ళతో నేనూ వెళ్ళాను. మా పక్కింటి పిల్ల పులిహోర ముద్ద సీటు మీద పడేసింది. వాళ్ళమ్మ వెంటనే బట్టల సబ్బు రుద్దింది. పసుపు మరక కాస్తా ఎర్రబడిపోయింది. వెనక సీట్లో ముసలమ్మ "ఓలమ్మో, రగతమే!" అని కేక. బోటంతా ఒక్కసారి లేచి నిలబడబోయింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఇక్కడా అదే జరిగింది. సబ్బులో ఉండే క్షారానికి పసుపు ఎర్రగా తిరుగుతుంది. అందుకని పసుపుకి సబ్బు ముందు పెట్టొద్దు. మెతుకులు ఏరేసి, పిండిన తడిగుడ్డతో నూనె పోయేలా అద్ది, సీటుని కాసేపు ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకి నిలవదు, వెలిసిపోతుంది. మిగిలితే మర్నాడు ఇంకో పూట.

పాలు, పెరుగు, గుడ్డు పడితే చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు తగిలితే అందులోని మాంసకృత్తులు గట్టిపడి అతుక్కుంటాయి. బబుల్‌గమ్ మీద ఐసుముక్క పెట్టి గట్టిపడ్డాక స్కేలు అంచుతో లేపండి. బాల్‌పెన్ను గీతకి దూదిమీద కాస్త హ్యాండ్ శానిటైజర్ వేసుకుని గీత మీదే తుడిచి, వెంటనే తడిగుడ్డ వేయండి. నానబెడితే పైపూత పోతుంది. గోళ్ళరంగు చెరిపే మందు, థిన్నర్, పెట్రోలు ముట్టుకోవద్దు. బ్లీచింగ్ కూడా వద్దు, రెక్సిన్ తట్టుకున్నా దారం తట్టుకోదు, పైగా ఉచ్చ తడి మీద పోస్తే ఘాటైన విషవాయువు లేస్తుంది. తలనిండా కొబ్బరినూనె రాసిన పిల్లలుంటే తల ఆనించే చోట తువ్వాలు కట్టండి. ఆ జిడ్డు పేరుకుంటే రెక్సిన్ బిరుసెక్కి పగులుతుంది. దీనికి మాత్రం గిన్నెల సబ్బు నీళ్ళు బాగా పనిచేస్తాయి.

ఉచ్చ, వాంతి. రెండేళ్ళలోపు పిల్లలకి డైపర్ వేసి ఎక్కించండి, మొహమాటం లేదు. కడుపునిండా పెట్టి వెంటనే బోటెక్కించొద్దు. వాంతి పులుపు, ఎక్కువసేపు ఉంచకూడదు. రేకుముక్కతోనో అట్టతోనో ఎత్తేసి, అద్ది, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసిన నీళ్ళతో గుడ్డ పిండి తుడవాలి. లోపలికి దిగిందని అనుమానం వస్తే ఆ సాయంత్రమే జిప్పు తీసి స్పాంజి బయటికి లాగండి. శుభ్రమైన నీళ్ళలో ముంచి, మెలిపెట్టకుండా అరచేతులతో నొక్కి పిండండి. నీడలో, గాలి తగిలేలా నిలబెట్టి ఆరేయండి. ఎర్రటి ఎండలో రోజుల తరబడి పెడితే స్పాంజి పసుపెక్కి పొడిగా రాలుతుంది. బాగా ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున్న దులిపేస్తే వాసన తగ్గుతుంది.

కళింగపట్నం, బారువ వైపు సముద్రం గాలికి ఉండే బోట్లకి ఇంకో పని ఉంది. పిల్లల మరక సంగతి తర్వాత, ముందు మంచినీళ్ళ గుడ్డతో ఉప్పు తుడవాలి. ఉప్పు గాలిలోని చెమ్మని లాగుతూనే ఉంటుంది. దాంతో సీటు ఎప్పటికీ పూర్తిగా ఆరదు.

కొత్తగా కుట్టించుకునేవాళ్ళు కొట్లో ఈ మాటలు గట్టిగా అడగండి. పిల్లలు కూర్చునే మధ్యభాగంలో కుట్టు, పైపింగ్ (కుట్టు వెంట ఉబ్బెత్తుగా వేసే సన్నటి పట్టీ) వద్దు, ఒకే ముక్క కావాలి. అందం కోసం డైమండ్ కుట్టు అడుగుతారు గానీ, ప్రతి గీతా ఒక కాలువే. దారం పాలిస్టర్‌ది ఉండాలి, నూలుదారం చెమ్మకి కుళ్ళిపోతుంది. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి. కింద చెక్క వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దానికి నీళ్ళు కారిపోవడానికి కన్నాలు. జిప్పు వెనక అంచున, కిందివైపు. నలుపు రంగు వద్దు, మే నెల ఎండలో పిల్లల తొడలు కాలతాయి.

బోటు కట్టేశాక సీట్లు నిలబెట్టి వెళ్ళండి. తడి సీట్ల మీద టార్పాలిన్ కప్పి తాడు బిగిస్తే మర్నాటికి వాసన తయారు.

స్పాంజి పనికొస్తుందో లేదో తెలియాలంటే, ఆరబెట్టాక బొటనవేలితో మధ్యలో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పైకి లేస్తే ఉతికి వాడొచ్చు. గుంట అలాగే ఉండిపోయినా, అప్పటికీ వేలికి తడి తగిలినా కొత్తది వేయించాల్సిందే. అప్పుడు కూడా పాత కవరు పారేయకండి, కుట్లు విప్పి కొలతకి తెండి. బోటు వంపు టేపుతో అందదు, నేను ఆ పాత ముక్కలు పరిచే కొత్తది కోస్తాను.