పాత ఎక్స్-మెన్ ఎలా చదవాలి? చదివాక స్పందన ఎలా రాసుకోవాలి?

పాత ఎక్స్-మెన్ (మార్వెల్ వాళ్ల అమెరికన్ సూపర్‌హీరో కామిక్ పత్రిక) చదివామని చెప్పేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఒకటే, 129వ సంచిక దగ్గర మొదలుపెట్టడం. అక్కడి నుంచి 137 దాకా నడిచే కథ 'డార్క్ ఫీనిక్స్' పేరుతో విడిగా పుస్తకంగా దొరుకుతుంది. దాన్ని ఒక్క మధ్యాహ్నంలో ముగించి, "దీనికి అంత గుండెలు బాదుకోవాల్సింది ఏముంది?" అని పెదవి విరుస్తారు. ఏముంటుంది? పరిచయమే లేని మనిషి కష్టం ఎవరికి పడుతుంది!

కావలసినవి

1975 నాటి జెయింట్-సైజ్ ఎక్స్-మెన్ మొదటి సంచిక, ఆ తర్వాత 94 నుంచి 143 దాకా. మొత్తం 51. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. చేతిలో ఫోన్ ఉంటే ఏదో ఒకటి వెతకాలనిపిస్తుంది, వెతికితే కథ బయటపడిపోతుంది.

ఓమ్నిబస్సా (చాలా సంచికలు కలిపిన లావు పుస్తకం), డిజిటల్ ప్రతా అన్నది మీ జేబుని బట్టి. 1986లో మొదలైన 'క్లాసిక్ ఎక్స్-మెన్' పునర్ముద్రణ మాత్రం మొదటిసారి చదవడానికి పనికిరాదు. పాత కథల మధ్యలో కొత్త పేజీలు ఇరికించారు. రెండోసారి చదివేటప్పుడు అవి సరదాగానే ఉంటాయి.

1963 నుంచే ఎందుకు మొదలుపెట్టకూడదని అడుగుతారు. స్టాన్ లీ, జాక్ కిర్బీ మొదలుపెట్టిన ఆ పత్రిక 1970లో 66వ సంచికతో చతికిలబడింది. 67 నుంచి 93 వరకు వేసినవన్నీ పాత కథలే. 1975లో రచయిత లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ కొత్త జట్టుని దింపారు: స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలోసస్, వాళ్లతో పాటు వుల్వరిన్. 94 నుంచి రచయితగా క్రిస్ క్లేర్‌మాంట్ చేయి పడింది. అసలు పత్రిక అక్కడే మొదలైంది. ముందు జరిగిందంతా 138లో ఎలాగూ మళ్లీ చెబుతారు, కంగారుపడొద్దు.

పేజీ చదివే పద్ధతి

రోజుకి ఒక సంచిక. సెలవు రోజైతే రెండు. మూడోది తెరవకూడదు.

ముందు పేజీలో బొమ్మలన్నీ చూడండి, ఆ తర్వాత మాటలు. క్లేర్‌మాంట్ బొమ్మల్లోని మాటల పెట్టెల నిండా కిక్కిరిసేలా రాస్తాడు. మాటలతో మొదలుపెట్టినవాళ్లు పది సంచికలకే విసిగి ఆ పెట్టెలు దాటేస్తారు. స్టార్మ్ మనసులో గుబులు, పాత జట్టు నాటి నుంచి ఉన్న జీన్ గ్రే భయం ఉండేవి వాటిలోనే. 108 నుంచి జాన్ బైర్న్ పెన్సిల్ బొమ్మల మీద టెర్రీ ఆస్టిన్ ఇంకు గీతలు తోడయ్యాక గదిలో ఎవరు ఎవరివైపు చూస్తున్నారో కూడా కథే అవుతుంది.

సంచిక అయిపోగానే మూడు వాక్యాలు రాయాలి. ఏ పేజీలో ఆగారు, ఎందుకు ఆగారు, తర్వాత ఏమవుతుందనుకుంటున్నారు. "అదిరింది", "బోరు" అనేవి స్పందనలు కావు. ఊహ తప్పినా దిద్దొద్దు. పాఠకుల ఉత్తరాల పేజీ ఉన్న ప్రతి దొరికితే అదే కొనండి. ఒక సంచిక మీద ఉత్తరాలు కొన్ని నెలల తర్వాతి సంచికలో వస్తాయి. అప్పటివాళ్లు ఏమన్నారో మీరు రాసుకున్నదానితో పోల్చుకోవచ్చు. ముందే వెనక్కి తిప్పి చదివితే వాళ్ల అభిప్రాయమే మీదవుతుంది.

ఎక్కువగా చెడేది ఇక్కడే: 101 నుంచి 137 దాకా

101లో జీన్ గ్రే ఫీనిక్స్ అనే మహాశక్తిగా లేస్తుంది. 113 దగ్గర జట్టు రెండుగా చీలి, అవతలివాళ్లు చనిపోయారని ఇవతలివాళ్లు నమ్ముతారు. అక్కడి నుంచి డజను సంచికల పాటు జీన్ అప్పుడప్పుడే కనిపిస్తుంది. తొందరగాళ్లు ఈ భాగం ఎగరగొడతారు. కథకి పునాది పడేది మాత్రం ఇక్కడే. 125లో జేసన్ విన్‌గార్డ్ అనే పెద్దమనిషి ఎదురయ్యాక ఆమెకి ఉన్నట్టుండి 18వ శతాబ్దపు దృశ్యాలు కళ్లముందు కదులుతాయి. ఆ మనిషి మీద మీ అనుమానం ఏమిటో ఆరోజే రాసిపెట్టండి.

129 నుంచి 133 వరకు రోజుకొకటి నడవొచ్చు. 132 చివరి బొమ్మ చూశాక తర్వాతిది తెరవకుండా ఉండటం కష్టమే, అయినా తెరవొద్దు. 134 నుంచి రోజుకొకటి కూడా ఎక్కువే. 134, 135, 136, 137 సంచికలు 1980 జూన్, జులై, ఆగస్టు, సెప్టెంబర్ తేదీలతో వచ్చాయి. అప్పటి పాఠకుడు నెల నెలా గింజుకున్నాడు. మీరు కనీసం వారపత్రికలో సీరియల్ చదివినట్టు వారానికొకటి చదవండి.

135లో ఫీనిక్స్ ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే లోకంలో 500 కోట్ల ప్రాణాలు పోతాయి. ఇంత జరిగినా అది చూపించేది కాసిని బొమ్మల్లోనే, అందుకే వేగంగా చదివేవాళ్లకి తగలదు. వెంటనే 136 తెరిస్తే ఇంకా నష్టం. అందులో జాలి మళ్లీ జీన్ వైపు లాగుతుంది, 135 దగ్గర మీకు ఏమనిపించిందో మీకే గుర్తుండదు. కాబట్టి 135 మూయగానే ఈ ప్రశ్నకి జవాబు రాయాలి: ఈమెని క్షమించొచ్చా? అవునో కాదో, ఒక్క కారణంతో. 136 తర్వాత అదే ప్రశ్నకి మళ్లీ రాయాలి, పాతది కొట్టేయకుండా. రెండు జవాబులూ ఒకటే అయితే దేన్నో హడావిడిగా చదివారని నేనంటాను.

137 రెట్టింపు నిడివి. గంట ఖాళీ ఉంచుకోండి. ఏమవుతుందో ఇక్కడ చెప్పను. ఇదే కథ మీద వచ్చిన 2006, 2019 సినిమాలు చూసి తెలుసనుకునేవాళ్లు, తెలిసిందంతా ముందే ఒక పేజీలో రాసి మడిచి పెట్టండి. పుస్తకం ముందుమాట, వెనక అట్ట చదవొద్దు. 1986 నాటి ఎక్స్-ఫ్యాక్టర్ అనే మరో పత్రిక జోలికి అసలు పోవద్దు.

స్పందన రాసేశాక ఒక సంగతి తెలుసుకోవచ్చు. 137కి ముందు వేరే ముగింపు సిద్ధం చేశారు. ఎడిటర్-ఇన్-చీఫ్ జిమ్ షూటర్ ఒప్పుకోకపోవడంతో మార్చారు. ఆ పాత ముగింపు 1984లో 'ఫీనిక్స్: ది అన్‌టోల్డ్ స్టోరీ'గా వచ్చింది. అది చదివి, 135 తర్వాత మీరు రాసిన జవాబు పక్కన పెట్టుకుంటే షూటర్‌తో ఏకీభవిస్తారో లేదో తేలుతుంది. నా ఓటు షూటర్‌కే.

మిగిలినవి తేలిక. 141, 142 మాత్రం నియమం పక్కనపెట్టి ఒకే కూర్చోవడంలో చదవాలి, అవి రెండు ముక్కల కథ. 143తో బైర్న్ వెళ్లిపోతాడు. నలుగురు కలిసి వాట్సాప్ గ్రూపులో చదువుతుంటే ప్రతి సందేశం మొదటి వరుసలో సంచిక నంబరు మాత్రమే ఉండాలి, ఖాళీ వరుసలు వదిలి ఆ కింద అభిప్రాయం. నంబరు మరిచినవాళ్లని 137 అయ్యేదాకా గ్రూపు బయట ఉంచండి.