బెంగళూరులో కరెంటు పనికి మనిషిని పిలిచే ముందు

మారతహళ్లిలో ఫ్యాను బిగించడానికో స్విచ్ మార్చడానికో వీధి చివర ఎలక్ట్రీషియన్ చాలు. కానీ కొత్త మీటరు కావాలన్నా, పైన ఇంకో అంతస్తు వేసి లోడు పెంచాలన్నా బెంగళూరు కరెంటు సరఫరా సంస్థ బెస్కాంకు దరఖాస్తు పెట్టాలి, వైరింగ్ పూర్తయిందని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే రాసివ్వాలి. లైసెన్సు కాపీ అడిగి గడువు తేదీ చూడండి, మొహమాటపడొద్దు.

కూలి సాధారణంగా పాయింటు లెక్కన, అంటే ఒక్కో లైటుకు, ఫ్యానుకు, సాకెట్‌కు ఇంత అని చెప్తారు. గోడ కొట్టి పైపు వేయడం, మళ్లీ సిమెంటు పూయడం అందులో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి, నేను అడగక చివర్లో మేస్త్రీకి వేరే ఇచ్చుకున్నాను. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్లో పెట్టనివ్వకండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ దగ్గర మాత్రం బేరాలొద్దు.

కరెంటు పోతే బెస్కాం నంబరు 1912.