పాత ఏసీలో ఏది మార్చాలి? ఎండలు ముదరకముందే తేల్చుకోండి

శివరాత్రి దాటి ఎండ చురుక్కుమనడం మొదలైతే ఏసీ మెకానిక్ ఫోన్ ఎత్తడం గగనం. ఇంట్లో పదేళ్ల ఏసీ ఉంటే ఫిబ్రవరిలోనే ఓ అరగంట నడిపి చూడండి. మే నెలలో మొరాయిస్తే అతను మార్చమన్నదల్లా మార్చాల్సి వస్తుంది, అడిగినంతా ఇవ్వాల్సి వస్తుంది.

ముందు ప్లగ్ సంగతి. కాసేపు నడిచాక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే బోర్డు స్విచ్) దించి ప్లగ్ లాగండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కాలిన వాసన వస్తుంటే ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే వదులైన పాతది కొత్తదాన్నీ కాలుస్తుంది. ఏసీకి బోర్డు నుంచి విడి లైను, ఎర్తింగ్ ఉండాలి; పాత ఇళ్లలో గీజర్ లైనుకే కలిపేసి ఉంటారు. ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పెద్దది వేయించొద్దు. అప్పుడు ముందు కాలేది వైరే.

బయటి యూనిట్ గుయ్‌మంటూ ఫ్యాన్ మాత్రం తిరగకపోతే, ఇన్వర్టర్ కాని ఏసీల్లో చాలాసార్లు పోయింది కెపాసిటరే, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగమే. కొన్ని వందల్లో తేలే పని. దీనికే కొత్త ఏసీ కొనమనేవాణ్ని నమ్మకండి. అలాగని యూట్యూబ్ చూసి మీరే విప్పొద్దు, కరెంటు తీసేశాక కూడా అందులో చార్జి మిగిలి షాక్ కొడుతుంది.

"గ్యాస్ అయిపోయింది సార్" అంటే మాత్రం వెంటనే సరేననకండి. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ రాసి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూపించమనండి. పైపు చివర నట్టు దగ్గరైతే తేలికే. గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, అంటే కాయిలే చిల్లులు పడితే, లేదా కంప్రెసర్ పోతే లెక్క వేరు.

అప్పుడు బయటి యూనిట్ మీది స్టిక్కర్ చదవండి. ఆర్-22 అని ఉంటే ఇక దానిమీద పైసా పెట్టకుండా మొత్తం మార్చేయమనే నా మాట. ఓజోన్ పొరను దెబ్బతీసే గ్యాస్ కాబట్టి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని క్రమంగా ఆపేస్తున్నారు. అందులో కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్ నింపుతానంటే అసలు ఒప్పుకోవద్దు. దాని ప్రెషర్ ఎక్కువ, మంట అంటుకునే గుణం కొంత ఉంది, పాత యంత్రం దానికోసం చేసింది కాదు. సెకండ్ హ్యాండ్‌లో బయటి యూనిట్ ఒక్కటే తెచ్చి అతికించడమూ దండగే, లోపలిదీ బయటిదీ జోడీ కుదరాలి.

కొత్తది కొనేటప్పుడు స్టార్లతో పాటు ఆ స్టార్లు ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతాయో లేబుల్ మీద ఉండే కాలం కూడా చూడండి. 2022 జూలైలో స్టార్ల లెక్క మారాక, అంతకుముందు ఐదు స్టార్లున్నది నాలుక్కి దిగింది. పాత రాగి పైపే వాడతానంటే లోపల పాత ఆయిల్ లేకుండా శుభ్రం చేయించాలి. నన్నడిగితే కొత్త పైపే మేలు. బిగించేరోజు మెకానిక్ పైపుల్లోని గాలిని లాగేసే వ్యాక్యూమ్ పంపు తెచ్చాడో లేదో చూసుకోండి. కాస్త గ్యాస్ వదిలి గాలి తోసేస్తానంటే పని ఆపించండి.