నాయకత్వ పాఠాలు 4: మీ విజన్ వాక్యం ‘వద్దు’ అనగలదా?

పోయినసారి మీ విజన్‌ని, అంటే మీ పని వల్ల చివరికి ఏం జరగాలని కోరుకుంటున్నారో దాన్ని, ఒక్క వాక్యంలో రాసి, వారం రోజులు ప్రతి నిర్ణయాన్నీ దాంతోనే తేల్చమన్నాను. చాలామంది ఇరుక్కుపోయారు. వాక్యం రాయడం చెప్పాను గానీ పరీక్షించడం చెప్పలేదు, అది నా పొరపాటే. అందుకే ఈ వారం మీటింగుల పాఠం ఆపి ఇదే తేల్చుకుందాం.

కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడిపే ఒకాయన ‘నాణ్యమైన, రుచికరమైన కూరలతో సిటీలో నంబర్ వన్ అవ్వాలి’ అని రాసుకున్నారు. ఆ వారమే శనివారం మధ్యాహ్నానికి రెండొందల మందికి గృహప్రవేశం భోజనాల ఆర్డర్ వచ్చింది, బిర్యానీ కూడా పెడదామని వంటమాస్టర్ పోరు మొదలైంది, వేపుళ్లకి వాడిన నూనె మర్నాడు కూడా వాడితే ఎంత మిగులుతుందో తమ్ముడు లెక్క చూపించాడు. మొదటి రెండింటికీ ఆ వాక్యం సరేనంది. మూడోదానికీ ‘రుచి తగ్గదు కదా అన్నయ్యా’ అని తమ్ముడు అదే వాక్యాన్ని చూపించాడట!

నాకు కోపం తెప్పించేది ఇదే. నంబర్ వన్, నాణ్యత, ప్రపంచ స్థాయి, సర్వతోముఖాభివృద్ధి. ‘మా దగ్గర నాసిరకం దొరుకును’ అని ఎవరైనా బోర్డు పెడతారా? ఎవరూ కాదనలేని మాట వల్ల మీకు దారి చూపించడం కాదు. ‘సర్వతోముఖాభివృద్ధి’ అని గోడ మీద రాసుకున్న స్కూల్లో ఆటల పీరియడ్ తీసేసి స్లిప్ టెస్ట్ పెట్టినా ఆ మాట అడ్డుపడదు, టెస్ట్ తీసేసి ఆటలు పెట్టినా అడ్డుపడదు. అలాంటప్పుడు నిర్ణయం తీసుకున్నది ఆ రోజు గట్టిగా మాట్లాడినవాళ్లే. నేనైతే ఎర్ర పెన్నుతో విశేషణాలన్నీ కొట్టేస్తాను. ఎవరి కోసం, వాళ్లకి ఏం మారాలి, ఈ రెండే ఉంచుతాను.

కర్రీ పాయింట్ ఆయన తన వాక్యం మళ్లీ రాశారు: ‘చుట్టుపక్కల హాస్టళ్లలో, రూముల్లో ఉండే పిల్లలు నెలంతా మా కూరలే తిన్నా కడుపుకీ జేబుకీ భారం కాకూడదు.’ నూనె సంగతి అక్కడికక్కడే తేలిపోయింది. శనివారం ఆర్డర్ తీసుకుంటే ఒంటిగంటకి పప్పు ప్యాకెట్ కోసం వచ్చే పిల్లలు ఖాళీ చేతులతో వెళ్లాలి, కాబట్టి అదీ వదులుకున్నారు. డబ్బు పోయింది, బాధపడ్డారు కూడా. బిర్యానీ ఇంకా తేలలేదు, నా ఓటు మాత్రం వద్దనే.

బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రినే చూడండి. 1987లో మొదలైంది. అందరికీ చూపు దక్కాలన్నది వాళ్ల మాట. ‘అందరికీ’ అన్నాక డబ్బు కట్టలేనివాళ్లని పంపించలేరు, అందుకే దాదాపు సగం మందికి ఉచితంగా చూస్తారు. బస్సెక్కి రాలేనివాళ్లూ ఆ మాటలోకే వస్తారు. కాబట్టి సుమారు యాభై వేల జనాభాకి ఒకటి చొప్పున ఊళ్లలో విజన్ సెంటర్లు, అంటే చిన్న కంటి పరీక్షా కేంద్రాలు, పెట్టి, స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టారు. ఇంతా ఒక్క పదం చేయించిన పని.

అభ్యాసం కష్టమైనదే ఇస్తున్నాను. గత మూడు నెలల్లో మీరు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన పది సందర్భాలు కాగితం మీద రాయండి, చివరికి మీరేం చేశారో రాయొద్దు. ఆ కాగితం, మీ వాక్యం కలిపి మీ దగ్గర పనిచేసే ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, మీరైతే ఏం చేస్తారని అడగండి. నాలుగింటికి మించి వాళ్లిద్దరి జవాబులు వేరైతే వాక్యం మళ్లీ రాయాలి. పదింటిలో ఒక్కదానికైనా ఇద్దరూ ‘వద్దు’ అనకపోయినా మళ్లీ రాయాల్సిందే.