ఇంటి రౌటర్‌కి సేఫ్ డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

ఫోన్లో ఏ సైట్ పేరు కొట్టినా ముందు దాని ఐపీ నంబర్ కనుక్కోవాలి కదా, ఆ పని చేసిపెట్టేదే డీఎన్ఎస్ రిజాల్వర్, మామూలుగా రౌటర్ లోపలే ఓ మూల కూర్చుని ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. దానికి ఎవడైనా దొంగ నంబర్ అంటగట్టాడంటే అదే నిజమనుకుని దాచుకుని ఇంట్లో అందరికీ పంచుతుంది. 2008లో సెక్యూరిటీ పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ బయటపెట్టింది ఇలాంటి లోపమే.

1. ముందు మీ భయం ఏంటో తేల్చుకోండి. జవాబు దారిలో ఎవరైనా మార్చేస్తారనా, లేక మీరు ఏం చూస్తున్నారో నెట్ ఇచ్చేవాళ్ళకి తెలిసిపోతుందనా? మొదటిదానికి డీఎన్ఎస్‌సెక్, అది జవాబు మీదున్న సంతకం చెక్ చేస్తుందంతే, దేన్నీ దాచదు, పైగా సంతకం పెట్టుకోని డొమైన్లకి అది ఏం చేయలేదు. రెండోదానికి డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ (పోర్ట్ 853) లేదా డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (పోర్ట్ 443), ఇవి మీ ప్రశ్నని దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపుతాయి. సంతకం చెక్ చేయడమూ ప్రశ్న దాచడమూ ఒకటే అని చాలామంది అనుకుంటారు, కాదు.

2. రౌటర్ సంగతి చూడండి. ఫైబర్ వాళ్ళు బిగించి వెళ్ళిన డబ్బాలో మామూలుగా మనల్ని ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు, దాని వెనకాల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ ఇంకోటి పెట్టుకోవడమే. ర్యామ్ 128 ఎంబీ అయినా ఉంటే ప్రాణం హాయి.

3. ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ముందే ఉండేది డీఎన్ఎస్‌మాస్క్, బుజ్జిది, ర్యామ్ పెద్దగా తినదు, కానీ మామూలు ప్యాకేజీలో డీఎన్ఎస్‌సెక్ ఉండదు, డీఎన్ఎస్‌మాస్క్-ఫుల్ వేసుకోవాలి, టీఎల్ఎస్ కావాలంటే పక్కన స్టబ్బీ లాంటిది జత చేయాలి. 2021 జనవరిలో దీంట్లో 7 లోపాలు ఒకేసారి బయటపడ్డాయి, డీఎన్ఎస్‌పూక్ అని పేరు పెట్టారు, 2.83 వెర్షన్‌తో సరిచేశారు, అంతకంటే పాతది మీ రౌటర్లో ఉంటే ఇవాళే అప్‌డేట్ కొట్టండి. నా ఓటు మాత్రం అన్‌బౌండ్‌కే, నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ ల్యాబ్స్ వాళ్ళది, సంతకాల చెకింగూ టీఎల్ఎసూ రెండూ అదొక్కటే చేస్తుంది. ఒక్క మెలిక: దాన్ని రూట్ సర్వర్ల (డీఎన్ఎస్‌లో అన్నిటికంటే పైన ఉండే సర్వర్లు) నుంచి సొంతంగా వెతుక్కోమంటే ఆ ప్రశ్నలు మామూలుగానే బయటికి పోతాయి, నెట్ వాళ్ళకి కనిపిస్తాయి, క్వాడ్9 అనే డీఎన్ఎస్ సర్వీసు (9.9.9.9) లాంటి చోటికి టీఎల్ఎస్‌తో పంపితే నెట్ వాళ్ళకి కనిపించవు గానీ క్వాడ్9 వాళ్ళకి కనిపిస్తాయి. ఎవర్ని నమ్ముతారో మీ ఇష్టం. యాడ్‌గార్డ్ హోమ్ యాడ్స్ కూడా ఆపుతుంది కానీ చిన్న రౌటర్‌కి మోయలేని బరువు.

4. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తొందరపడొద్దు. నేను మొదటిసారి పాత డీఎన్ఎస్‌మాస్క్‌ని తీసేసి, ఆ తర్వాత ఫుల్ వెర్షన్ డౌన్‌లోడ్ కొట్టాను, పేర్లు వెతికేదాన్నే తీసేశాక డౌన్‌లోడ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కొమ్మ మీద కూర్చుని అదే కొమ్మ నరుక్కున్నట్టు. ముందు ప్యాకేజీని టెంప్ ఫోల్డర్‌లోకి దించుకుని అప్పుడు పాతది తీయండి.

5. గడియారం మర్చిపోకండి. మామూలు రౌటర్లలో టైమ్ నిలిపే బ్యాటరీ ఉండదు, కరెంట్ పోయి వచ్చాక టైమ్ నెలల వెనక్కి పోతుంది, అప్పుడు సంతకాల తేదీలు కుదరక సైట్లు ఓపెన్ కావు, టైమ్ సరిచేసుకుందామంటే టైమ్ సర్వర్ పేరు కూడా దొరకదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అన్‌బౌండ్‌లో దీనికోసమే వాలిడేటర్ ఎన్‌టీపీ అనే ఆప్షన్ ఉంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

6. చివర్లో టెస్ట్. డీఎన్ఎస్‌సెక్-ఫెయిల్డ్ డాట్ ఓఆర్‌జీ అని కావాలనే సంతకం చెడగొట్టిన సైట్ ఉంది, అది తెరుచుకుందంటే చెకింగ్ జరగట్లేదన్నమాట, అయితే ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లు రౌటర్‌ని దాటేసి సొంత డీఎన్ఎస్ వాడొచ్చు, అది ఆపి చూడండి. టీఎల్ఎస్ పెట్టుకున్నవాళ్ళయితే రౌటర్లో టీసీపీ-డంప్ (వచ్చిపోయే డేటాని చూపించే టూల్) వేసి బయటికెళ్ళే వైపు పోర్ట్ 53 (తాళం లేని మామూలు డీఎన్ఎస్ వెళ్ళే దారి) మీద కాసేపు చెవి పెట్టండి, ఇంట్లోవాళ్ళు ఫోన్లు నొక్కుతున్నా ఒక్క లైను కూడా రాకూడదు.