సంగటిలో ఉండలు కట్టడం ఎలా ఆగిందంటే

మాది కడప. చిన్నప్పటి నుంచి రాగి సంగటి తింటూనే పెరిగాను కానీ, పెళ్లయ్యాక నేనే చేద్దామని దిగితే వరసగా నాలుగైదుసార్లు పైకి ముద్ద బాగానే కనిపించింది, విరిస్తే మాత్రం లోపల పొడిపిండి ఉండలు. ఒకసారి మా మామ ఏమీ అనకుండా ఆ ఉండల్ని ఏరి తట్ట అంచున పెట్టారు. తిట్టినా బాగుండేది.

పిండిదే తప్పనుకుని మర మార్చాను, కుక్కర్‌లో కూడా చేసి చూశాను, లాభం లేదు. చివరికి ఊరెళ్లినప్పుడు మా అవ్వ చేస్తుంటే పక్కనే కూర్చుని చూశా. నేనేమో పిండి పోయగానే టెన్షన్‌తో గరిటె పెట్టి కలిపేస్తున్నా, ఆమె అసలు ముట్టుకోలేదు!

ఇప్పుడు నా లెక్క ఇది. గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, 6 గ్లాసుల నీళ్లలో ఉప్పేసి మెత్తగా ఉడికించాలి. నీళ్లు ఇంకా తెర్లుతుండగానే గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో రెండు మూడు చోట్ల పొడిచి, మూతపెట్టి సన్నమంట మీద 10 నిమిషాలు వదిలేయాలి. పిండి ఆవిరికి ఉడికాకే దించి తెడ్డుతో గట్టిగా ఎనపాలి. మరీ బిగుసుకుంటే కాసిన్ని వేడినీళ్లు పోయొచ్చు, చన్నీళ్లు మాత్రం వద్దు.

ముద్ద చేసేటప్పుడు చేయి తడుపుకోండి. జోడీకి చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగల పచ్చడి), ఆదివారమైతే నాటుకోడి పులుసు. మొన్న మామ రెండో ముద్ద అడిగారు.