మ్యాజిక్ ఆటలో క్రీచర్ కీవర్డులు: బట్టీ వద్దు, ఎప్పుడు పనిచేస్తాయో చూడండి

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది కీవర్డుల (క్రీచర్ల, అంటే మన తరఫున పోరాడే కార్డుల, శక్తులకి పెట్టిన పేర్ల) లిస్టు డౌన్‌లోడ్ చేసుకుని బట్టీ పడతారు, తీరా ఆట మధ్యలో ఒక్కటీ గుర్తుకు రాదు. లిస్టు పక్కన పెట్టి, కార్డు చేతిలోకి రాగానే ఒకటే చూడండి: ఈ కీవర్డు అటాక్ ప్రకటించేటప్పుడు పనికొస్తుందా, బ్లాకర్లను (అటాక్‌కి అడ్డం నిలబెట్టే క్రీచర్లను) పెట్టేటప్పుడా, డ్యామేజ్ పడేటప్పుడా? సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

అటాక్ దగ్గర చూసుకోవాల్సినవి ముఖ్యంగా రెండు. హేస్ట్ ఉంటే క్రీచర్ దిగిన టర్న్‌లోనే దూకొచ్చు, లేకపోతే మీ తర్వాతి టర్న్ దాకా ఆగాలి (ఈలోగా బ్లాక్ మాత్రం చేయొచ్చు, ఇది తెలియక ఊరికే దెబ్బలు తినేవాళ్లున్నారు). విజిలెన్స్ ఉంటే అటాక్‌కి వెళ్లినా కార్డు ట్యాప్ అవదు (అంటే వాడేసిన గుర్తుగా పక్కకి తిప్పక్కర్లేదు), అవతలివాళ్ల టర్న్‌లో అదే కాపలా కాస్తుంది. 1993 నాటి మొదటి సెట్ నుంచీ ఉన్న సెర్రా ఏంజెల్‌ని ఇప్పటికీ ఇష్టపడేది ఇందుకే: 4/4 (మొదటి అంకె కొట్టే బలం, రెండోది టఫ్‌నెస్, అంటే ఎంత డ్యామేజ్ పడితే చస్తుందో), పైన ఎగురుతుంది, ఇంటినీ చూసుకుంటుంది.

బ్లాక్ దగ్గర ఫ్లయింగ్ రాజు. దాన్ని ఆపాలంటే ఫ్లయింగ్ అన్నా ఉండాలి, రీచ్ అన్నా ఉండాలి. మెనస్ ఉన్నదాన్ని ఒంటరిగా ఆపలేరు, కనీసం ఇద్దరు కావాలి. ఇక్కడ టైమింగ్ జాగ్రత్త: బ్లాకర్లు ఖాయమయ్యాక మీ క్రీచర్‌కి ఫ్లయింగ్ ఇచ్చే స్పెల్ వేస్తే ఆ కార్డు దండగే, ఒకసారి బ్లాక్ అయింది అయినట్టే.

అసలు మజా డ్యామేజ్ దగ్గర. ఫస్ట్ స్ట్రైక్ ఉన్న 2/1, మామూలు 2/2 ఎదురుపడితే మొదటి దెబ్బకే 2/2 పోతుంది, తిరిగి కొట్టడానికి అది ఉండదు. అదే 3/3 ఎదురైతే రెండు డ్యామేజ్ తిన్నా బతికి ఉంటుంది, తన వంతు రాగానే మీదాన్ని చంపుతుంది. కాబట్టి ఫస్ట్ స్ట్రైక్ ఉంటే సరిపోదు, ఆ మొదటి దెబ్బ చంపేంత ఉండాలి. డెత్‌టచ్‌కి ఆ లెక్కే లేదు, ఒక్క పాయింట్ తగిలినా చావే. ఒక్క నల్ల మానాకి (కార్డు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి) వచ్చే టైఫాయిడ్ ర్యాట్స్ 1/1 ఎలుకలు, 12/12 డైనోసార్ గాల్టాకి అడ్డం నిలబడి దాన్ని కూడా తీసుకుపోతాయి.

ట్రాంపుల్ అంటే బ్లాకర్‌ని చంపడానికి సరిపడా పోను మిగిలిన డ్యామేజ్ ప్లేయర్‌కి తగులుతుంది. మీ 6/6కి 4/4 అడ్డొస్తే రెండు పాయింట్లు దాటతాయి. ఇప్పుడు అదే 6/6కి డెత్‌టచ్ కూడా తగిలించండి: చంపడానికి ఒకటి చాలు కాబట్టి బ్లాకర్‌కి ఒకటి, ప్లేయర్‌కి అయిదు. ఇంకో ముచ్చట, అవతలివాళ్లు బ్లాక్ పెట్టేసి, డ్యామేజ్ పడేలోపు ఆ బ్లాకర్‌ని శాక్రిఫైస్ చేశారనుకోండి (తామే బలిచ్చారనుకోండి), మామూలు క్రీచర్ అయితే ప్లేయర్‌కి సున్నా, ట్రాంపుల్ ఉంటే మొత్తం ఆరూ పడతాయి.

లైఫ్‌లింక్ సులువే, ఎంత డ్యామేజ్ చేస్తే అంత లైఫ్ మీకు, అదీ డ్యామేజ్‌తో పాటే, కాబట్టి చివరి నిమిషంలో కూడా గట్టెక్కిస్తుంది.

హెక్స్‌ప్రూఫ్, ఇన్‌డిస్ట్రక్టిబుల్ అనే రెంటినీ మాత్రం జనం అతిగా నమ్ముతారు. హెక్స్‌ప్రూఫ్ ఆపేది ఎదుటివాళ్లు టార్గెట్ చేయడాన్నే, అన్నిటినీ ఒకేసారి తుడిచేసే వ్రాత్ ఆఫ్ గాడ్ దేన్నీ టార్గెట్ చేయదు కదా. ఇన్‌డిస్ట్రక్టిబుల్ క్రీచర్‌ని డెత్‌టచ్ కూడా చంపలేదు, అయినా ఎక్సైల్ చేయొచ్చు (ఆట నుంచే బయటికి పంపొచ్చు), శాక్రిఫైస్ చేయించొచ్చు, లేదా టఫ్‌నెస్ తగ్గించే స్పెల్స్ వేసి సున్నాకి దించితే నేరుగా గ్రేవ్‌యార్డ్‌కి (చచ్చిన కార్డుల కుప్పకి) పోతుంది.